గాలిలో బిగించకూడని బోల్టు

మీ కారు గతుకుల్లో చప్పుడు చేసినప్పుడు, అరిగిపోయిన భాగమేదో చూపించమని మీరు చివరిసారి ఎప్పుడు అడిగారు? మొన్న విశాఖలో ఒక వర్క్‌షాపులో నేనడిగితే, ముందుచక్రాల అడుగుభాగమంతా మార్చేస్తామని, అంతకుమించి నేను తెలుసుకోవలసిందేమీ లేదన్నట్టు చెప్పారు. ఆ మాటతో నా మనసు 2010ల తొలినాళ్లకు, నేను కాలేజీలో చదువుకునేనాటి కళింగపట్నంలోని మా ఇంటి వాకిట్లోకి వెళ్లిపోయింది.

మాకప్పుడొక చిన్న పాత కారు ఉండేది. దాని వెనకసీటు తీసేసి, నాన్నకు అక్క అయిన మా అత్త ఎండుచేపల గంపలు సర్దుకొని, నాన్న నడుపుతుంటే శ్రీకాకుళం బజారుకు వెళ్లేది. అంతకుముందు ఆవిడ రోడ్డు మీద నిలబడితే, వాసనొస్తుందని బస్సుల్లో గంపలు ఎక్కనిచ్చేవారు కాదు, ఆటోలవాళ్లు చూసీచూడనట్టు వెళ్లిపోయేవారు. అందుకే మాకది ఒట్టి కారు కాదు, అత్త పరువు. అటువంటి కారు ముందుచక్రాల దగ్గర లొటలొట మొదలై, స్టీరింగు ఒక పక్కకు లాగసాగింది. శ్రీకాకుళంలో మెకానిక్కుకు చూపిస్తే అడుగంతా మార్చాలన్నారు. ఆ ఖర్చు కంటే తుక్కుకిచ్చేయడమే మేలని నాన్న తేల్చేశాడు. అత్త గంపలన్నీ ఒకదానిలో ఒకటి పేర్చి గోడవార బోర్లించింది.

బోర్లించిన ఆ గంపల్ని చూశాక ఊరుకోలేకపోయాను. ఎదుటివారి తీర్మానాన్ని ఒప్పుకొనేముందు ఆధారమడగాలన్నది కాలేజీ వక్తృత్వపోటీల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం.

"ఏటి అరిగిందో ఎవులైనా సూపించారా నాన్నా?"

ఎవరూ చూపించలేదు. ఆదివారం నాన్నా నేనూ కారును జాకీతో ఎత్తి, దిమ్మలు ఆనించి, చక్రం ఊడదీసి, దాన్ని పట్టి ఉంచే ఇనుపచేతిని గునపంతో కదిపి చూస్తే ఆధారం దొరికింది. ఆ చెయ్యి చట్రానికి కలిసేచోట కుదుపును మింగే రబ్బరు బుష్‌లు బీటలువారి పొడిపొడిగా రాలుతున్నాయి. ఇనుము మాత్రం నిక్షేపంగా ఉంది.

కొత్త బుష్‌లు తెచ్చుకొని, ఉప్పుగాలికి తుప్పుపట్టిన బోల్టుల్ని కిరసనాయిలుతో నానబెట్టి విప్పి, పాతవి తొలగించి, సబ్బునీళ్లు రాసి, పొడుగాటి బోల్టు, గొట్టంముక్క సాయంతో కొత్తవాటిని నెమ్మదిగా లోపలికి లాగాం. చక్రం తొడిగి, బండి ఇంకా జాకీ మీదుండగానే నాన్న బుష్‌ల బోల్టు గట్టిగా బిగించబోతే ఆపాను. బరువు పడకముందు బిగిస్తే, నేలకు దించగానే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరిగిపోతుందని చదివి ఉన్నాను.

"బోల్టుకేటి తెలుస్తాదే, గాల్లో ఉన్నాదో నేలమీదున్నాదో?" అని నాన్న ఎగతాళి చేశాడు.

"బోల్టుకి తెలీదు నాన్నా, రబ్బరుకి తెలుస్తాది."

మళ్లీ లొటలొటమంటే తుక్కుకే పంపుతానని నాన్న బెదిరిస్తుండగా, అత్త కొంగు దోపుకొని వచ్చింది.

"దించరా తమ్ముడా, నా కోడలు సెప్పినట్టే దించు. నానెక్కి కూకుంతాను, నా బరువు మీద బిగించు. తుక్కుకిచ్చినా నన్నూ కలిపే ఇయ్యి!"

నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. మందపాటి పడవచెక్కల మీదకు చక్రాల్ని దించి, అత్తను ఎప్పుడూ కూర్చునే ముందుసీట్లోనే కూర్చోబెట్టి, స్టీరింగు తిప్పి చక్రం సందులోంచి బోల్టులు బిగించాం. మర్నాడు గంపలతో బయలుదేరితే, ఊరిబయట ప్రతిసారీ ధడేల్మనే గోతిని కారు మెత్తగా దాటింది. అత్త వెనక్కి తిరిగి చూసింది.

"ఏటి, గొయ్యి పూడ్సేసినారేటి?"

ఇప్పుడు అత్త బజారుకు వెళ్లడం మానేసింది. నా కారులో ఎండుచేపల వాసనా లేదు. ఏదైనా అరిగితే మన కంటపడకుండానే మారిపోతోంది. ఎందుకని అడిగే అలవాటును మనతరమే చేజేతులా వదిలేసుకుంది. ఆనాడు ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే, అత్త మళ్లీ గంపలతో రోడ్డు పక్కన నిలబడేది. అందుకే నా ఈడువారిని కోరుతున్నాను: ఈసారి మొత్తం మార్చేస్తామని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. బండి పక్కన వంగి, అరిగిందేదో చూపించమనండి.