ప్లీడరుగారి కారు టాపు

దూదేకుల సుగ్రా పట్టపగలు ప్లీడరుగారింట్లో చొరబడి, కొత్తగా బాగుచేయించిన కారు టాపును కత్తితో నిలువునా చీల్చేసిందని ఏలూరంతా చెప్పుకున్నారు. కాలవ రేవులో జానెడున్న కత్తి బజారుకి చేరేసరికి మూరెడైంది. భీమడోలు స్టేషనులో రైలు దిగినవాళ్ళయితే, ప్లీడరుగారి భార్య మీదకీ దూసిందన్నారు. "ఆడదానికి అంత కోపమేవిటండీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆ కోపం ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు లేరు.

సుగ్రా పరుపులు కుట్టే ఇంట పుట్టిన మనిషి. మాట్లాడేటప్పుడు కూడా చూపు చేతిలోని సూది మీదే ఉండేది. భర్త రసూల్ బస్సుల షెడ్డులో మెకానిక్కు. 1936లో ప్లీడరు సూర్యప్రకాశరావుగారు కలిదిండి దగ్గర ఒక ఆసామి ధాన్యపుకొట్టులో మూలపడ్డ సీమకారును కొన్నారు. కొల్లేరు పొంగిన ఏడు అది ఇరుసుల దాకా నీళ్ళలో నానింది. దాన్ని విప్పి, పడవల మీద ఏలూరు తెప్పించి, రసూల్‌కి అప్పగించారు.

"కొత్త కారు ఎవడైనా కొంటాడు. ఇది పుట్టిననాడు ఎలా ఉందో అలా నిలబడాలి. వేరే ముక్క ఒక్కటి కూడా దీని మీద ఉండకూడదు" అన్నారాయన.

ఇంజను లొంగింది కాని, పైసింగారమే ఏడిపించింది. హారను కొల్లేటి గట్టున కావలివాడి దగ్గర తేలింది. వరి మీద వాలే పిట్టల్ని దాంతో తోలుకుంటున్నాడు. దీపాలు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యపుకొట్టు గుమ్మానికి వేలాడుతున్నాయి. తలుపు పిడులు ఎవరి బీరువాకో అమరిపోయాయి. షెడ్డుకి సెలవు దొరికినప్పుడల్లా రసూల్ తిరిగి, బతిమాలి, అన్నిటినీ పోగుచేశాడు. చాప మీద పరిచి, ఒక్కొక్కటీ కారు మీది కన్నాలకు ఆనించి చూశాడు. కన్నాలు కలిసినవి కారు సొంతం, కలవనివి ఎవరో మధ్యలో అతికించినవి. సొంతవన్నీ ఇత్తడివే, పైన తెల్లటి నికెల్ పూత. ఆ పూత పల్చబడి మసకేసింది.

"నూనెగుడ్డతో తుడిస్తే చాలండి. రుద్దొద్దని లోపల చెప్పండి బాబుగారూ" అని ప్లీడరుగారిని కోరాడు. ఆయన ఊఁ కొట్టి, సామానును ఇంట్లో పెట్టించారు.

టాపు కుట్టడం సుగ్రా వంతు. గుడ్డ ప్లీడరుగారు మద్రాసు నుంచి తెప్పించారు. దసరా నాటికి ఒక్క అంచే మిగిలింది.

ఆయుధపూజ నాడు కారు సామానంతా పీట మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టారు. గూడెం నుంచి వచ్చిన మిల్లు యజమాని అచ్యుతరావు వంగి చూశాడు.

"ఇదేవిటండీ! మా ఊళ్ళో వేలాడినప్పుడు ఈ దీపాలు తెల్లగా ఉండేవి కదా? ఇవేవో కంచరివాడు పోసిన పచ్చ ఇత్తడి. మీ సాయిబు మార్చేశాడండోయ్!"

అప్పుడే గేటు దగ్గరికి వచ్చిన రసూల్ మీద ప్లీడరుగారు వీధంతా వినేలా విరుచుకుపడ్డారు. "దొంగా! అసలువి అమ్ముకుని ఇవి తెచ్చి పెడతావురా? రేపు సాయంత్రానికి అవి రాకపోతే నిన్ను పోలీసులకి పట్టిస్తాను!"

"ఇవి అవేనండీ. పైపూత పోయిందండీ..."

"పూత దానంతటదే ఊడిపోతుందా? నోర్ముయ్!"

ఆ మాట రసూల్ కంటే ముందే బస్సుల షెడ్డుకి చేరింది. ఇది తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. రసూల్ అన్నం ముట్టలేదు. "పెద్దవాళ్ళే, ఏం చేస్తాం" అన్నాడు.

"పెద్దవాళ్ళంటే మాత్రం నువ్వు దొంగవైపోతావా?" అంది సుగ్రా.

మర్నాడు కుట్టుసంచి పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ప్లీడరుగారి భార్య సీతారావమ్మ ఆమెను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"సుగ్రా, ఎవరితో అనకేం. వాటిని తోమింది నేనేనే. అమ్మవారి ముందు పెట్టేవి అలా మసిబారి ఉంటే ఏం బాగుంటుంది? చింతపండూ ఇటికపొడీ పెట్టి చేతులు నొప్పులు పుట్టేలా తోమాను. పచ్చగా మెరిసేసరికి మురిసిపోయాను కూడాను. రుద్దకూడదని నాకెవరు చెప్పారు?"

"అయ్యగారితో చెప్పారాండీ?"

"అమ్మో! పదిమందిలో అంత మాట అనేశాక ఇప్పుడు చెబితే ఆయన తలెక్కడ పెట్టుకుంటారు? నాలుగు రోజులుంటే ఆయనే చల్లబడతారు. ఈలోగా మీ ఆయన్ని ఏ కలిదిండో వెళ్ళి ఉండమను."

"పారిపొమ్మంటారాండీ? దొంగతనం ఒప్పుకున్నట్టు?"

సీతారావమ్మ పైట సర్దుకుంది. సుగ్రాకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక తోమితే పోనీ అనుకోవచ్చు. తెలిసి నోరు మూసుకున్నదాన్ని ఏమనుకోవాలి? ప్లీడరుగారికి తలవంపులు రాకూడదట, రసూల్ మాత్రం జైలుకి పోవచ్చునట!

ఆమె తిన్నగా కారు దగ్గరికి నడిచి, మెట్టెక్కి, సంచిలోంచి కత్తెర తీసింది. వరండాలో, పండక్కి వచ్చి ఉండిపోయిన అచ్యుతరావుతో కాఫీ తాగుతున్న ప్లీడరుగారు అదిరిపడ్డారు.

"ఏయ్! ఏవిటా పని?"

"నా కుట్లు నేను విప్పుకుంటున్నానండీ. వేరే ముక్క ఒక్కటి కూడా ఉండకూడదన్నారు కదండీ! దొంగ పెళ్ళాం కుట్లు మీ కారు మీదెందుకు?"

అచ్యుతరావు పకపక నవ్వాడు. "నోట్లో నాలుక లేదనుకున్నాం ఈ పిల్లకి. చేతిలో కత్తెరుందే!"

"నాలుకున్నవాళ్ళు లోపలున్నారండీ. వాళ్ళు మాట్లాడేదాకా ఇది ఆగదు."

కుట్టు వెంట కుట్టు తెగింది. ఊడిన ముక్కను ఊడినట్టే మడత పెట్టి సీటు మీద ఉంచుతోంది. వెనకవైపు చివరి ముక్క వదులైనప్పుడు సీతారావమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆపవే తల్లీ! ఏవండీ, తోమింది నేనండీ. చింతపండు పెట్టి తోమాను. రసూల్ ఏదీ మార్చలేదు."

అచ్యుతరావు నవ్వు ఆగింది. ప్లీడరుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. భార్య వైపు చూడలేదు.

"సరే, అయిందేదో అయింది. రసూల్ని రేపు కారు పనిలోకి రమ్మను. నువ్వా టాపు కుట్టేయ్."

"వీధిలో దొంగన్నారండీ. కాదని కూడా వీధిలోనే చెప్పండి. వరండాలో చెబితే ఎవరికి వినబడుతుందండీ?"

సుగ్రా గేటు బయటికి వెళ్ళి నిలబడింది. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి చూశారు. ప్లీడరుగారు వరండా దిగలేదు. చాలాసేపు చూసి, కత్తెర చేతిలోనే ఉండగా ఆమె ఇంటిదారి పట్టింది.

పోలీసుల మాట మళ్ళీ ఎత్తకుండా, ప్లీడరుగారు బస్సుల షెడ్డుకి చాటుగా కబురంపారు. రసూల్ అక్కడ పనిలో చేరాడు కాని, ఆ కారును మళ్ళీ ముట్టలేదు. టాపు కుట్టడానికి గూడెం నుంచి వేరే దర్జీ వచ్చాడు. కొత్త గుడ్డ కొనాల్సిన పని అతనికి పడలేదు. ఆ ముక్కల్నే తీసుకుని, సుగ్రా సూది దిగిన కన్నాల్లోంచే మళ్ళీ కుట్టాడు. గుడ్డకి ఎక్కడా చిరుగు లేదు.