ఎర్రెద్దు ఇచ్చిన మైలేజీ

మా ఇంట్ల ఎవరు కొత్త బండి కొన్నా, చూడొచ్చిన చుట్టపోళ్లు ముందుగాల అడిగేది ఒక్కటే మాట: "మైలేజీ ఎంతిస్తది?" ఆ మాట చెవుల పడితే నాకు కడుపుల మంట లేస్తది. ముసల్దానికి మోటరుబండ్లంటే పడదని పిల్లలు నవ్వుతరు. మోటరుబండ్లతోని నాకేం పగ? నా పగ ఒక్క కారు మీద, అండ్ల కూసున్నోని మీద. వాడు సచ్చి ఏండ్లు గడిచిపోయినయి. నా పగ మాత్రం సావలే, నేను సావనియ్యలే.

మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పొయ్యే పెద్ద సడక్‌కు లోపట ఉంటది. సడక్ నుంచి ఊర్లెకు మట్టిబాట. వానకాలం నల్లరేగడి మోకాళ్ల దాక దిగుతది, ఎండకాలం అదే బాట బండిచక్రాల గాడ్లు పడి రాయి తీరు గట్టిపడుతది. సడక్ ఎక్కేముందు ఒక ఎత్తు. అసొంటి ఊర్ల మా దొరకు ఒక కారుండె. రెండో పెద్ద యుద్ధం ముందు పట్నం నుంచి తెప్పిచ్చిండట. నల్లగ నిగనిగలాడేది. ఒకనాడు సూర్యాపేటకు పోవాలె, ఒకనాడు మిర్యాలగూడకు పోవాలె, పని లేకపోయినా పోవాలె. కారున్నోడు పెద్ద గోడల నడుమ గడిల కూసుంటే కారున్నదని ఎవనికి తెలుస్తది?

యుద్ధం ఒడిసిందన్నరు గని సర్కారు పెట్రోలుకు పెట్టిన కూపన్ల కట్టడి ఒడవలే. కూపనుకు ఎంతిస్తే అంతే. మట్టిబాట మీద, ఆ ఎత్తు మీద కారు మూల్గుకుంట పోతే పెట్రోలును నీళ్లు తాగినట్టు తాగేది. మా దొర ఎంగిలి చేత్తోని కాకిని గూడ కొట్టనోడు, పానం ఎట్ల ఒప్పుతది? వానికొక ఉపాయం తట్టింది. గడి నుంచి సడక్ దాక ఇంజను బంద్. కారు ముంగట తాళ్లతోని ఎడ్లను కట్టాలె, డ్రైవరు స్టీరింగు పట్టుకొని కూసోవాలె, దొర ఎనుక సీట్ల సుట్ట తాగుకుంట కూసోవాలె. సడక్ ఎక్కినంక ఎడ్లను ఇప్పితే, అప్పుడు ఇంజను చాలు చేసి ఉరికిపోయేటోడు. మర్లొచ్చినప్పుడు గూడ గంతే, వాడొచ్చే యాళ్లకు ఎడ్లు సడక్ కాడ నిలబడి ఉండాలె.

ఎడ్లు వానియా? వాని ఎడ్లకు నొప్పి పుట్టదా మరి! ఊరోళ్ల ఎడ్లు. ఇంటింటికి వంతు, వెట్టి. గడి నుంచి కబురు తెచ్చే సుంకరి వచ్చి వాకిట్ల నిలబడి "రేపు కారు మీది" అని చెప్పిపోయేటోడు. ఊర్ల ఒక్కొక్క దినం ఒక్కొక్కల ఇంటికి కారు వచ్చేది గిట్ల! ఇంకోటి గూడ ఉంది. కారు బాట మీద పోతుంటే ఎవ్వలు మంచం మీద కూసోవద్దు, కాళ్లకు చెప్పులుండొద్దు. ఎడ్లు గుంజే కారు ఎంత మెల్లగ పోతది? అంతసేపు ముసలి లేదు ముతక లేదు, చెప్పులు చేతుల పట్టుకొని ఎండల నిలబడుడే.

మా నాయినకు రెండెడ్లుండె, ఎర్రెద్దు, తెల్లెద్దు. తెల్లెద్దు మా దొడ్లనే పుట్టింది. ఎర్రెద్దును నిడమనూరు దిక్కు నుంచి నడిపిచ్చుకొచ్చిండు. నాయిన మాతోని గూడ అంత మాట్లాడకపోయేటోడు, ఎర్రెద్దుతోని మాట్లాడేటోడు. "ఏం అయ్యా, ఇయ్యాల జర దూరం పోదామా" అనేటోడు. అది చెవులు ఆడిచ్చేది. నాకు కుళ్లు గూడ ఉండె దానిమీద.

ఒక వానకాలం మా వంతు వచ్చింది. రాత్రంత వాన కొట్టింది, బాటంత బురద. నాయిన పొద్దుగాలనే గడి ముంగట చేతులు కట్టుకొని నిలబడి, "నీ బాంచెన్ దొరా, ఇయ్యాల బాట మంచిగ లేదు, రేపు పోదురు" అన్నడు. దొర ఇననే ఇనలే. నేను సద్దిమూట పట్టుకొని నాయిన ఎంబడి నడిచిన. ఎత్తు కాడికి వచ్చేసరికి కారు ముందటి చక్రం పాత గాడిల దిగబడ్డది. డ్రైవరు భయంభయంగ ఎనుకకు తిరిగి, "దొరా, జర ఇంజను చాలు చేస్తే ఎడ్లకు ఆసరైతది" అన్నడు. దొర సుట్ట నోట్లకెల్లి తియ్యకుండనే అన్నడు: "ఇంజను చాలు చెయ్యకు, పెట్రోలు దండగ. కొట్టుండ్రి ఎడ్లను."

కొట్టిర్రు. నాయిన కొట్టలే, గడి మనిషి కొట్టిండు. ఎర్రెద్దు మోకాళ్ల మీద వంగి గుంజింది. గుంజంగ గుంజంగ దాని కాలు గాడిల ఇరుక్కొని టప్పుమన్నది. ఆ సప్పుడు ఇప్పటికీ నా చెవుల ఉంది. అది కూలబడ్డది, కారు జర ఎనుకకు జారింది. నాయిన బురదల కూలబడి దాని మెడ పట్టుకున్నడు. దొర కారు దిగలే. అద్దంల నుంచి తల బయటికి పెట్టి చూసి, "ఇంకో ఎద్దును కట్టుకోండ్రి, నాకు యాళ్ల అయితంది" అన్నడు. ఎవరిదో ఎద్దును తెచ్చి కట్టిర్రు. కారు పోయింది. వాని నోట్ల మన్నువడ, ఎనుకకు తిరిగి గూడ చూడలే!

ఎర్రెద్దు మర్నాటికి ఖతమయింది. ముంగట దుక్కులున్నయి, ఒంటెద్దుతోని దున్నుడెట్ల? ఇంకో ఎద్దు కొనే తాహతు మాకేడిది? నాయిన తెల్లెద్దును కాడికి ఒక దిక్కు కట్టి, రెండో దిక్కు తన భుజం పెట్టిండు. అమ్మ నాగలి పట్టింది. నేను ముంగట పగ్గం పట్టుకొని నడిచిన. ఎనుకకు తిరిగితే ఎద్దు మొకం, దాని పక్కన నాయిన మొకం. నేను తిరగలే. ఆ ఏడు నాయిన భుజం మీద కాడి పుండు పడి, అది మాని, ఎద్దు మెడ మీద ఉంటదే, అసొంటి కాయ కాసింది. ఆ సాళ్లల్లనే నేను ఒట్టు పెట్టుకున్న. ఆ దొర కారు దిగి తొయ్యాలె. మా నాయిన కూసొని చూడాలె. అంతే, ఇంకేం అడగలే ఏ దేవుణ్ని.

దొర బామ్మర్ది ఒకాయన కోదాడల ఉండేటోడు, ఆయనకు గూడ కారుండె. పెట్రోలు సాలక, బొగ్గు గ్యాసుతోని నడిచేటట్టు కారు ఎనుక బొగ్గుపొయ్యి కట్టిచ్చుకున్నడు. అది పొగ ఎల్లగక్కుకుంట వచ్చేది, సగం బాటల ఆగేది. గడికి వచ్చినప్పుడల్ల మొకమంత మసితోని దిగి, "అదేంటో బావగారూ, అవే కూపన్లు ఇద్దరికీ ఇస్తున్నారు, మీ కారేమో గాలి తాగి నడుస్తుంది, నాది బొగ్గు తిన్నా కదలదు" అని మొత్తుకునేటోడు. మా దొర మీసం మీద చెయ్యేసి, "కారు కొనంగనే కాదు బామ్మర్దీ, నడుపుడు రావాలె" అనేటోడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా ఎడ్ల పానం వాని గొప్పతనం అయికూసుంది. సూర్యాపేటల గూడ అందరితోని గదే చెప్పేటోడట, నా కారు అసొంటిది ఇసొంటిదని. గడిల వెట్టికి వాకిలి ఊడ్సుకుంట నేనన్నీ ఇన్న. ఇని కడుపుల దాసుకున్న.

చలికాలం మిర్యాలగూడ నుంచి కూపన్ల అధికారి గడికి మకాం వచ్చిండు. ఎవరి కారు ఎంత తాగుతదో ఇచారిచ్చి, వచ్చే ఏటికి ఎంతెంత ఇయ్యాలెనో ఆయన ఖరారు చెయ్యాలె. కోదాడ బామ్మర్ది గూడ వచ్చిండు. కోళ్లు కోసిర్రు. ఈగలు వాలకుండ ఇసనకర్ర ఊపే వెట్టి నాకు పడ్డది. తిన్నంక దొర మెల్లగ మొదలువెట్టిండు: "సాబ్, నా కారు మస్తు తాగుతది. ఈ కూపన్లు ఏడ సాలుతయి? జర ఎక్కువ రాయండ్రి."

బామ్మర్ది తమలపాకు నములుడు ఆపిండు. దొరకు ఎక్కువిస్తే ఆయనకు తక్కువైతది కద! "అదేంటి బావగారూ, మొన్న నాతో ఏమన్నారు? వాసన చూపిస్తే చాలు, పరిగెడుతుందన్నారుగా!"

"ఏదో పరాచికానికి అన్న" అన్నడు దొర.

అధికారి నవ్విండు. ఇద్దరిల ఎవని మాట నిజమో ఆయనకు సమజైతలేదు. చేతులు తుడుసుకుంట, ఉత్తగనే, నా దిక్కు చూసి "ఏం పిల్లా, నువ్వు చెప్పు. మీ దొర కారు ఎట్లుంటది?" అన్నడు.

గడిల మా అసొంటోళ్లు నోరు తెరవొద్దు. కాని అడిగింది సర్కారు మనిషి. నేను ఇసనకర్ర ఆపకుండనే చెప్పిన: "నీ బాంచెన్ సారూ, మా దొర కారు బంగారం. గడి నుంచి సడక్ దాక సుక్క పెట్రోలు తాగదు. ఎత్తు గూడ అట్లనే ఎక్కుతది. ఇంజను సప్పుడు గూడ ఇనరాదు సారూ, ఊరంత నిలబడి చూస్తరు."

ఒక్క అబద్ధం ఉందా అండ్ల? దొర మొకం చూడాలె అప్పుడు! కాదంటే, ఎడ్లు గుంజుతయి అని తనే చెప్పుకోవాలె. వెట్టి చేపిచ్చుకోవద్దని సర్కారు ఎన్నడో హుకుం ఇచ్చింది. దాన్ని అమలు జేసినోడు లేడు గని, సర్కారు మనిషి ముంగట తన నోటితోని ఒప్పుకునేటోడు గూడ లేడు. పైగ బామ్మర్ది ముంగట పరువు. ముందు నుయ్యి, ఎనుక గొయ్యి. "అట్లనా, అయితే మీకు తక్కువిచ్చినా నడుస్తది" అని అధికారి దొర కూపన్లు కోసేసిండు. ఆ కోసిన దాంట్లకెల్లి బామ్మర్దికి కలిపిండు. నేను తల వంచుకొని ఇసురుకుంట ఉన్న. లోపట మాత్రం ఎర్రెద్దు చెవులు ఆడిచ్చినట్టయింది.

అధికారి పోయినంక దొర నా మీదికి చెయ్యెత్తిండు. దొరసాని అడ్డమొచ్చి, "పొగిడినందుకు కొట్టిండంటే మంది నవ్వరా?" అన్నది. ఎత్తిన చెయ్యి దించుకున్నడు.

కూపన్లు తగ్గితే వాడు ఊకుంటడా? ఎడ్లను సడక్ కాడ ఇడుసుడు బందువెట్టిండు, సడక్ మీద గూడ సగం దూరం గుంజిచ్చుడు మొదలువెట్టిండు. ఊర్ల కొందరు నన్ను చూసి పండ్లు కొరికిర్రు, నీ నోటి దూలకే గిదంత అని. అయితే ఏమాయె? అతి చేస్తే తాడు తెగుతది. ఎడ్లు పుండ్లు పడి మూల్గుతుంటే ఊరంత ఒక్కటయింది. అప్పటికి చుట్టుపట్టు ఊర్లల్ల దొరల మీద సంఘం లేస్తంది, ఇగ వెట్టి చెయ్యం అంటున్నరు. మా ఊర్ల గూడ పెద్దమనుషులు కూసొని కట్టు పెట్టిర్రు: కారుకు ఎద్దును కట్టినోనికి నిప్పు బంద్, నీళ్లు బంద్. మర్నాడు సుంకరి "రేపు కారు మీది" అని వస్తే, "మాది కాదు పో, మీ దొరదే" అన్నది మా అమ్మ.

పని మనుషులు ఒక్కొక్కలే గడి ఇడిసిపెట్టిర్రు. దొరకు ఊర్ల పానం నిలువలే. ఎండకాలం ఒకనాడు పొద్దుగాల, దొరసానిని, పెట్టెలను కార్ల ఏసుకొని సూర్యాపేటకు పోదామని బయలెల్లిండు. ట్యాంకిల మిగిలింది సడక్ మీద పోనీకే సరిపోతది. మట్టిబాట మీద ఇంజను చాలు చేస్తే నడుమల ఆగిపోతది. ఎడ్లు లేవు, మనుషులు లేరు. జీతం కోసం డ్రైవరు ఒక్కడు మిగిలిండు, వాడు స్టీరింగు పట్టాలె. మరి తోసేదెవరు?

దొరనే.

మా ఇల్లు ఎత్తుకు ముంగట బాట మీదనే ఉంటది. నేను, నాయిన వాకిట్ల మంచం మీద కూసున్నం. ముందు కారు కనపడ్డది, ఎనుక దాన్ని నెట్టుకుంట దొర. ధోతి దుమ్ముల జీరాడుతంది, రుమాలు జారి మెడల పడ్డది. ఇండ్ల ముంగట మంచాల మీద మంది కూసొని చూస్తున్నరు, ఒక్కలు లేవలే. కారు ఎత్తు మొదట్ల అదే గాడి కాడికి వచ్చింది. చక్రం అండ్ల పడ్డది. దొర భుజం పెట్టి తోసిండు, అది ఎనుకకు జారింది. మళ్ల తోసిండు, మళ్ల జారింది.

నాయిన లేచిండు. ఎవ్వలు పిలవలే, కాళ్లే లేచినయి. చెప్పులు ఇడిసిండు. రుమాలు నడుముకు చుట్టుకుంటుండు. నేను ఆ రుమాలు కొస పట్టుకున్న.

"యాడికి నాయినా?"

"బండి ఎనుకకొస్తంది బిడ్డా. దొర మీద పడుతది."

"ఎర్రెద్దు కూలబడ్డప్పుడు వాడు దిగిండా? కూసో."

దొర మమ్ముల చూసిండు. చెమటతోని మొకం ఎర్రగయింది. "ఏమిరా, చూస్తున్నవ్? రా, ఒక్క చెయ్యెయ్యి" అన్నడు. ఆ మాటల్ల మునుపటి గద్దింపు లేదు. నాయిన అటు పోలేడు, ఇటు రాలేడు, బాట మీద నిలబడ్డడు. నేను రుమాలు ఇడువలే. ఇడిస్తే పోతడని నాకెరుక. జన్మంత దొర వస్తే లేచి నిలబడ్డ మనిషి. పోయిండంటే నా ఒట్టు, ఎర్రెద్దు, ఆ సాళ్లు, అన్ని మన్నుల కలుస్తయి.

"నాయినా, నీ భుజం చూసుకో" అన్న.

నాయిన చెయ్యి భుజం మీదికి పోయింది. కాయను తడుముకున్నడు. మెల్లగ ఎనుకకు వచ్చి, చెప్పులు తొడుక్కొని, మంచం మీద కూసున్నడు. దొర ముంగటనే.

అప్పుడు నాకు నోరు ఆగలే. బాటంత ఇనేటట్టు ఒర్లిన: "ఇంజను చాలు చెయ్యకుండ్రి దొరా, పెట్రోలు దండగ! ఇంకో ఎద్దును కట్టుకోండ్రి!" ఊరంత పకపక నవ్వింది. డ్రైవరు గూడ తల పక్కకు తిప్పుకొని నవ్విండు. ఇగ సిగ్గు తట్టుకోలేక దొర కార్ల పడి ఇంజను చాలు చేపిచ్చిండు. అది మొత్తుకుంట ఎత్తు ఎక్కి, సడక్ కాడ సచ్చిపోయిందట. సూర్యాపేట పొయ్యే బొగ్గుబస్సుకు చెయ్యెత్తి, మందిల మందై పోయిండట. నడుమ బస్సు ఆగితే అందరితోని పాటు దిగి తోసిండని గూడ అన్నరు, అది నేను చూడలే.

నేను చూసింది నాయినను. మంచం మీద కాళ్లు బార్లజాపుకొని, భుజం మీది కాయను రుద్దుకుంట, కారు కనపడకుండ పొయ్యేదాక నాయిన లేవలే.