పెద్దమ్మ ఏడుపుకు బీటు కట్టాం

మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున చనిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఎవరిదో పగిలిన స్క్రీన్ మారుస్తుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బండి తీసి ఎల్బీనగర్ చేరేలోపే ఎవడో మా గల్లీ గ్రూపులో ఆమె ఫొటో పెట్టాడు. దాని కింద ఏడుపు బొమ్మలు, పూల బొమ్మలు. అవి పెట్టినవాళ్ళలో సగం మంది ఆమె గొంతుకు గంతులేసి వీడియోలు చేసినవాళ్ళే. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మది నల్లగొండ వైపు పల్లె. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళు బత్తాయిలు ఏరే పనికి పోయేది. మార్కెట్ తరలిపోయాక ఇంటి ముందే కూరగాయలు అమ్మింది. గల్లీలో ఎవరు చనిపోయినా ముందు కబురు ఆమెకే వెళ్ళేది. శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళ బతుకంతా రాగం తీసి చెబుతూ ఏడ్చేది. తెలియని సంగతులుంటే ముందే ఇంటివాళ్ళను అడిగేది. ఏం ఇష్టంగా తినేవాడు, ఎవరితో కొట్లాడేవాడు, ఎవరిని చూస్తే కరిగిపోయేవాడు. "మంచోడుండె అంటే ఎవలకు యాదుంటది బిడ్డా? ఎట్లుండెనో చెప్పాలె," అనేది.

మా నానమ్మ చాటుగా బీడీ తాగేదని మాకు పెద్దమ్మ ఏడుపులోనే తెలిసింది. "ఓ అత్తో... నీ అగ్గిపెట్టె నా బియ్యం డబ్బల దాస్తివి, గిప్పుడు నేనెవలకియ్యాలె అత్తో..." అంది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాన్న కుమిలిపోయాడు. నానమ్మ గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు, పోగొట్టుకోకూడదని నేను ఫోన్‌లో రికార్డు చేశాను. అంతవరకు తప్పు లేదు. మూసారాంబాగ్‌లో ఉండే నా దోస్తుకు వీడియోల చానల్ ఉంది. పదిమంది వింటారని వాడికి పంపాను. పెద్దమ్మను ఒక్క మాట అడగలేదు. అదీ నేను చేసిన పాడుపని.

వాడు ఆ రెండు మాటలే కత్తిరించి, కింద డీజే బీటు పెట్టి వదిలాడు. పోయి కాలర్ పట్టుకుంటే, "అరే, ఉత్త ఏడుపైతే ఎవడాగుతడురా? వేలుతోటి పైకి జరుపుతరు. బీటుంటెనే ఆగుతరు," అన్నాడు. తీయించాను. ఏం లాభం? అప్పటికే ఎవడెవడో అగ్గిపెట్టెలు ఊపుతూ ఆ గొంతుకు ఎగిరాడు. పెళ్ళి బరాత్‌లలో మోగింది. వినాయకుడి లారీ మీద మోగింది.

పెద్దమ్మ విన్నది అక్కడే, మా గల్లీ చివర, ఆ లారీ ముందు. నా భుజం పట్టుకుని అడిగింది.

"బిడ్డా, గిది నా గొంతు గాదు? మీ నానమ్మ సావుకు గీళ్ళెందుకు ఎగురుతున్నరు?"

 

తర్వాత ఎదురింటి తాత పోయిన రోజు ఆమె రాగం ఎత్తగానే వెనకనుంచి ఎవడో, "పెద్దమ్మా, అగ్గిపెట్టె!" అన్నాడు. కిసుక్కున నవ్వులు. నాలుగు ఫోన్లు పైకి లేచాయి. ఆమె ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చావింట్లోనూ నోరెత్తలేదు. కిందటేడు సొంత తమ్ముడు పోయినా గొంతు బయటికి రాకుండానే ఏడ్చింది. వినోదం మారింది, కాలం మారింది అని నాకు చెప్పకండి. మనం ముప్పై సెకన్లు నవ్వుకోవడానికి ఒక ఆడమనిషి తన తమ్ముడి కోసం నోరారా ఏడవలేకపోయింది.

మంగళవారం ఆమె చుట్టూ జనం నిండారు. ఒక్కరికీ నోరు రాలేదు. ఐస్‌బాక్సు మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో ఒకడు వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తాడు. ఆమె కోడలు లేచి నిలబడింది. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"ఫోన్లోళ్ళందరు బయటికి నడువుండ్రి! నువ్వు గూడ తమ్మీ!" అంది, నన్నే చూస్తూ.

మమ్మల్ని నెట్టి, తలుపేసి గొళ్ళెం పెట్టింది.

కాసేపటికి లోపలినుంచి రాగం లేచింది. మొదట వణికింది. తర్వాత గట్టిపడింది. మిగతా ఆడవాళ్ళ గొంతులూ కలిశాయి. అత్త ఎట్లా ఉండేదో ఆ కోడలు చెబుతోంది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. మేమంతా ఎండలో, మూసిన రేకు తలుపు ముందు, తలలు వంచుకుని నిలబడి ఉన్నాం.