ఆమె టికెట్ ఆమె దగ్గరే

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే ఉప్పునుంతల నుంచి ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేసి, "చెల్లే, అమ్మ లేస్తలేదు" అన్నాడు. నాగర్‌కర్నూల్‌లో నేను పాఠం చెప్పే బడికి కబురు పెట్టి, దొరికిన బస్సెక్కి పోయేసరికి వాకిలి నిండా జనం. అందరి నోటా ఒకటే మాట: "పాపం, రైలింజన్ సూడకుండనే పాయె."

ఆ 'పాపం' వినగానే నాకు ఒళ్లు మండింది. ఇది రాస్తున్నది కూడా ఆ మంటతోనే. మా అమ్మకు సొంత అక్క ఆమె. మొండిది అనండి, నోరు పెద్దది అనండి, ఒప్పుకుంటాను. పాపం మాత్రం అనకండి. ఆమెకు అది నప్పదు.

పాలమూరు లేబర్ అని ఊరూరా అంటారే, పెద్దమ్మ ఆ వలసకూలీల గుంపుల్లో మనిషి. పెళ్లికి ముందు నుంచే తట్ట మోసింది. కాలువలు, చెరువు కట్టలు, రైలు కట్టలు, ఎక్కడ మట్టి పని ఉంటే అక్కడికి మేస్త్రీ గుంపును తోలుకుపోయేవాడు. రైలెక్కేటప్పుడు గుంపుకొక పద్ధతి ఉండేది. అందరి టికెట్లూ మేస్త్రీ జేబులోనే ఉండాలి. పోగొట్టుకుంటారని పైకి చెప్పేవాడు. మధ్యలో ఎవరూ దిగి ఇంటికి పోకుండా అన్నది అసలు సంగతి.

ఒకసారి గుంపంతా గద్వాల్‌లో రైలెక్కి కూర్చుంది. బండి కదలబోతుండగా ఊరి మనిషి ఒకాయన పరుగున వచ్చి, మా అమ్మమ్మ పోయిందని కబురు చెప్పాడు. పెద్దమ్మ లేచి నిలబడి తన టికెట్ అడిగింది. "పనైనంక పోదువులే, కూసో" అన్నాడు మేస్త్రీ. టికెట్ లేకుండా గేటు దాటితే జైల్లో వేస్తారని అప్పటి భయం. బండి కదిలింది. తల్లి మట్టికి, కడసారి చూపుకు ఆమె రాలేకపోయింది.

"గేటు గింత దూరమే ఉండె బిడ్డా. టికెట్ నా కాడ లేకపాయె," అని చెప్పేది. చెప్తూ ఏడవగా నేను చూడలేదు. చెప్పడం అయిపోగానే పళ్లు బిగించి ఏదో ఒక పని అందుకునేది.

అప్పటి నుంచి ఏ బస్సెక్కినా ఆమెది ఒకటే గొడవ. ఇద్దరం కలిసి కల్వకుర్తికి పోతే కండక్టర్ ఇద్దరికీ కలిపి ఒక టికెట్ చింపి ఇస్తాడు కదా, ఆమె ఒప్పుకునేది కాదు. "నాది నాకియ్యి" అని చెయ్యి చాపి కూర్చునేది. ఆ దారిలో కండక్టర్లకు అలవాటైపోయింది. ఆమెను చూడగానే నవ్వుకుంటూ విడిగా చింపేవాళ్లు. దాన్ని కొంగుకు ముడేసుకుని, ఊరొచ్చి దిగేదాకా ఆ ముడి మీద చెయ్యి ఉంచేది.

రైలింజన్ సంగతి ఒక క్యాలెండర్‌తో మొదలైంది. మా ఇంటికి వచ్చినప్పుడు గోడ మీద బొమ్మ చూసింది. పూలచెట్ల నడుమ నల్లటి పాత ఇంజన్.

"ఇదేడ?"

"మైసూర్ల, పెద్దమ్మా. పాత ఇంజన్లు, డబ్బాలు అన్నీ తోటల పెట్టిండ్రు. జనం పోయి చూసొస్తరు."

ఆమె దగ్గరికి పోయి చూసి పెద్దగా నవ్వింది. గద్వాల్ దిక్కు చిన్న లైను తీసి పెద్ద లైను వేసినప్పుడు కంకర మోసినవాళ్లలో ఆమె కూడా ఉంది. "సూసినవా? నేను కంకర మోసి మోసి నడుమిరగ్గొట్టుకుంటి. ఈ చిన్నబండేమో పూలతోటల కూసున్నది. దీన్ని నీడకు కూసోబెట్టినోళ్లు మమ్మల్ని కూసోబెట్టిండ్రా? నేనే పోయి దాని పక్కన కూసుంట."

ఇంట్లో అందరూ నవ్వులాట అనుకున్నారు. ఆమె అనుకోలేదు. బంధువులు తలా ఒక మాట అన్నారు. శ్రీశైలం పో, తిరుపతి పో, ఈ వయసులో ఇనుముకు దండం పెట్టనీకి పోతవా అన్నారు. "దండం పెట్టనీకి కాదు, సూడనీకి" అనేది. దవాఖానలో డాక్టర్ ఊపిరి బాగాలేదు, దూరం పోవద్దన్నాడు. "ఈడ దగ్గే దగ్గు ఆడ దగ్గుత సారూ" అని లేచి వచ్చేసింది.

ఇక ఆమె ఏర్పాట్లు చూడాలి! గుంపుతో పోయినప్పుడు మూటల నిండా జొన్నరొట్టెలు కట్టుకుని, అవి ఎండి చెక్కలైనా నీళ్లలో నాన్చుకుని తినేవాళ్లట. "ఈసారి రొట్టె కట్ట. రైల్ల అమ్మేటోని కాడ ఇడ్లీ కొనుక్కుంట. తట్ట లేదు, పార లేదు, చేతులూపుకుంట పోత" అని వాడకట్టంతా చెప్పింది. మహబూబ్‌నగర్‌లో ఎక్కితే సుఖం కదా అంటే, "ఎక్కితే గద్వాల్లనే" అని తెగేసింది.

ఆటో నడుపుకునే మా అన్న ఒకరోజు తీరిక చేసుకుని గద్వాల్ పోయి రిజర్వేషన్ చేయించుకొచ్చాడు. తను, వదిన, పెద్దమ్మ, నేను. నలుగురి పేర్లూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. చదివి వినిపించి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెద్దమ్మ ఆ జేబు వంకే చూస్తోంది.

"నాదేది?"

"అందరిది ఒకటేనమ్మా. నా కాడ భద్రంగుంటది."

"నువ్వు గూడ మేస్త్రీవైనవా కొడుకా?"

అన్న ముఖం మాడిపోయింది. అతను చేసింది లోకంలో అందరూ చేసే పనే. ఆమె మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, అన్నం పెట్టినా ముట్టలేదు. "నా టికెట్ నా కాడుంటెనే వస్త. లేకుంటె మీరే పోండ్రి."

తెల్లారి ఆమే బయల్దేరింది, తోడు నేను. నాగర్‌కర్నూల్, వనపర్తి, బస్సు మారి గద్వాల్. దారిపొడుగునా దగ్గుతూనే ఉంది, తిరిగిపోదామా అంటే కళ్లెర్రజేసింది. కౌంటర్ దగ్గర వరుసలో నిలబడితే వెనకాయన, "అవ్వా, పిల్లగాండ్లను పంపాలె గద" అన్నాడు. "పోయేది నేను. పిల్లగాండ్లు ఏంటికి?" అంది. వాళ్లతో కాకుండా విడిగా తీసుకుంటే సీటు ఎక్కడో పడుతుందని లోపలి ఆయన చెప్పాడు. "ఏడన్న సరే. కిటికీ కాడ ఇయ్యి సారూ."

టికెట్ చేతికొచ్చింది. ఆమె నేరుగా స్టేషన్ గేటు దగ్గరికి నడిచింది. లోపలికి పోయింది, ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడింది, మళ్లీ బయటికి వచ్చింది. టికెట్‌ను అందరికీ కనిపించేలా పట్టుకుంది. ఎవరూ ఆపలేదు, అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండునన్నట్టు అటూ ఇటూ చూసింది. మళ్లీ లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చింది. అప్పుడామె ముఖం చూసినవాళ్లెవరూ పాపం అనరు.

ఆ తర్వాత ఆమెకు మిగిలింది కొద్ది రోజులే అని మాకు తెలియదు.

స్నానం చేయించే ఆడవాళ్లు పాత చీర తీస్తే కొంగుముడిలో టికెట్ దొరికింది. ఏం చేయాలో తోచక బయటికి తెచ్చారు. వాకిట్లో ఆ పాత మేస్త్రీ కూడా ఉన్నాడు. ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను అనను. ఆయన మీద నాకు కోపం లేదని కూడా అనను. టికెట్ చూడగానే ఆయన చెయ్యి చాపాడు. "ఇటియ్యుండ్రి, నా కాడ పెడ్త. దానికింక టికెట్ ఏంటికి?" పాత అలవాటేమో, ఆ చెయ్యి అప్పుడే జేబువైపు తిరిగింది.

అన్న లేచి వచ్చి ఆ టికెట్ అందుకున్నాడు. "వద్దు పెద్దమనిషీ. అమ్మది అమ్మ కాడనే ఉండాలె" అన్నాడు. లోపలికి పోయి, కొత్తచీర కొంగులో పెట్టి, తనే ముడేశాడు. బొందలో దించేటప్పుడు ఆ కొంగు ఆమె పిడికిలి కింద ఉంది. నేను కళ్లారా చూశాను.

ఏడాది తిరిగేదాకా ఎటూ పోవద్దని పెద్దలు చెప్పారు. వాళ్ల మాట మీద గౌరవం ఉంది, కానీ పోతున్నాం. అన్న పాత టికెట్ వాపస్ ఇచ్చి, మా ముగ్గురికీ విడివిడిగా తెచ్చి, ఎవరిది వాళ్ల చేతికిచ్చాడు. రొట్టెలు కట్టుకోవడం లేదు. గద్వాల్లోనే ఎక్కుతాం. ఆ తోటకు పోయి ఇంజన్ పక్కన ఆమె బదులు కాసేపు కూర్చుంటాం.

కిటికీ దగ్గర ఆమె సీటు ఖాళీగా ఉంటే టీసీ ఇంకెవరికో ఇస్తాడు. ఇవ్వనీ. ఎవరో ఒకరు హాయిగా బయటికి చూస్తూ పోతారు. ఆ సీటు టికెట్ మాత్రం ఎవరి జేబులోనూ లేదు. ఉప్పునుంతల మట్టికింద, కొత్తచీర కొంగున, కొడుకు వేసిన ముడిలో ఉంది.