గాలి చొరని ఇంట్లో రసం కాయలు

2025 వేసవి. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్కన మేము కట్టి అమ్మిన ఇళ్ళలో మొదటిదానికి అప్పటికి ఏడాది నిండింది. ఆ ఇళ్ళున్న చోటు కాపు తగ్గిపోయిన పాత మామిడితోట. స్థలం మా మేనమామది, డిజైన్ నాది. భవనంలోకి వేడి ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది అన్నది నేను ఎం.టెక్.లో చదువుకున్న విషయం. మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా మనిషి కునుకు తీయగలిగే ఇల్లు కట్టి, మామూలు కుటుంబాలకు అమ్మాలన్నది నా పట్టుదల. ఈ పనిలో నాకు మెచ్చుకోళ్ళు బాగానే వచ్చాయి. కానీ మరిచిపోలేనిది ఏమిటని ఎవరైనా అడిగితే, నా కళ్ళముందు కదిలేది ఆ మొదటి ఇంటి వెనక గది, దాని తలుపు కింద దోపిన గోనెసంచి.

ఓపెన్ మార్కెట్‌లో అమ్మే ఇల్లంటే, కొనేవాళ్ళెవరో తెలియకముందే కట్టేసే ఇల్లు. సొంతానికి కట్టించుకునేవాళ్ళయితే రోజూ వచ్చి మంచం ఇక్కడ, బీరువా అక్కడ అని చెబుతారు. మాకు చెప్పేవాళ్ళుండరు. అందుకని ఒక కుటుంబాన్ని మేమే ఊహించుకుంటాం. నేను ఊహించుకున్న కుటుంబం ఇది: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఒక పెద్దావిడ, ఒక ఫ్రిజ్, ఒక వాషింగ్ మెషీన్, రెండు పూటలా వంట. వీళ్ళ ఒంటి వేడి, పొయ్యి వేడి, పీల్చి వదిలే గాలి, అన్నీ లెక్కలోకి తీసుకున్నాకే గోడ మందం తేల్చాను.

గోడలకు ఏఏసీ బ్లాకులు వాడాం. లోపల సన్నని గాలి బుడగలుండే తేలిక ఇటుకలవి, ఎండను త్వరగా లోపలికి రానివ్వవు. పైన కూల్ రూఫ్, అంటే ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పలకలు. కిటికీలు యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌వి. వాటి అంచుల్లో గాస్కెట్ అనే రబ్బరు పట్టీ ఉంటుంది. రెక్క మూస్తే వడగాలి లోపలికి రాదు, లోపలి చల్లదనం బయటికి పోదు. ఇంత బిగుతుగా కట్టిన ఇంట్లో మనుషులకు మంచి గాలి అందాలి కాబట్టి, ప్రతి పడకగదిలోనూ పైన ఒక చిన్న ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ పెట్టాం. లోపలి గాలిని కొద్దికొద్దిగా మారుస్తూ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుందది.

సత్యనారాయణ గారు ఆ ఇల్లు చూడ్డానికి వచ్చింది ముందటి ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. రెడ్డిగూడెం దగ్గర వాళ్ళకు మామిడితోటలున్నాయి. వెంట ఆయన భార్య రమాదేవి గారు, తల్లి వెంకాయమ్మ గారు వచ్చారు. పెద్దావిడ గుమ్మం దాటగానే గోడకు అరచెయ్యి ఆనించి నావైపు అనుమానంగా చూసింది.

“ఏసీ ఎక్కడ దాచావు బాబూ?”

“ఏసీ లేదండి.”

“అబద్ధాలాడమాక. లేకపోతే ఇంత చల్లగా ఎట్టా ఉంటది?”

కొనడానికి వచ్చిన అందరికీ చూపించే పరీక్షే వాళ్ళకీ చూపించాను. వెనక పడకగదిలో ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, రబ్బరు పట్టీ పక్కన అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. బయట వడగాలి జోరుగా కొడుతోంది. లోపల పొగ అటూ ఇటూ వంగకుండా నిటారుగా పైకి లేచింది. రమాదేవి గారు పైనున్న ఫ్యాన్ చూపించి, “ఇదెందుకండీ మరి?” అని అడిగారు.

“మంచి గాలి కోసమండి. దీన్ని మాత్రం ఎప్పుడూ ఆపకూడదు.”

వెంకాయమ్మ గారు మా మాటలు పట్టించుకోలేదు. ఆవిడ ఆ పొగనే చూస్తోంది. “ఒరే సత్యం, ఈ గదిలో కాయేస్తే ఒక్కటంటే ఒక్కటి పచ్చిగా మిగలదురా” అంది.

అందరం నవ్వాం. నా డిజైన్‌కు అంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారనుకున్నాను. ఆవిడ ఆ మాట మెచ్చుకోలుగా అనలేదని, ఆ గదిని ఎలా వాడుకోవాలో అక్కడే తేల్చేసుకుందని నాకు తట్టలేదు.

అమ్మిన ఇంటికి ఏడాది నిండగానే వెళ్ళి, గదుల్లో ఉష్ణోగ్రత, కరెంటు వాడకం, లోపలి గాలి చూసి వస్తాను. దీన్ని పోస్ట్ ఆక్యుపెన్సీ చెక్ అంటారు. కాగితం మీద చల్లగా ఉన్న ఇల్లు కాపురం పెట్టాక ఎలా ఉందో తెలుసుకోవడం అన్నమాట. ఆ పని మీదే ఒకరోజు పొద్దున్నే సత్యనారాయణ గారింటికి వెళ్ళాను. గేటు తీస్తుండగానే రసం పండ్ల వాసన గుప్పుమంది. ఆయన వరండాలో కూర్చుని పండ్లను అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

“రండి ఇంజనీరు గారూ! సమయానికొచ్చారు. ముందు కాయ చీకండి, మీ మీటర్లు తర్వాత చూసుకుందాం” అంటూ ఒక చిన్నరసం మెత్తగా పిసికి, తొడిమ గిల్లి చేతికిచ్చారు.

అంత సమంగా మాగిన పండు నేనెప్పుడూ తినలేదు. ఆ మాటే అంటే ఆయన ముఖం వెలిగిపోయింది. “అంతా మీ గది మహిమేనండీ. పాతింట్లో ఓ మూల పండితే ఇంకో మూల కసురుగానే ఉండేది. ఇక్కడ మొన్న కాసిని వేసి చూశాం, గంపకు గంప ఒకేలాగా పండింది. అందుకే ఈసారి టన్నున్నర దించాం. బెజవాడ నుంచి కూడా అడుగుతున్నారు.”

నవ్వుతూ లోపలికి నడిచాను. నా చేతిలో గాలిని కొలిచే మీటర్ ఉంది. మనం వదిలే గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ గదిలో ఎంత పేరుకుందో చెబుతుందది. హాల్లో అడుగు పెట్టగానే అది కూయడం మొదలుపెట్టింది. పాడైందేమో అనుకుని వరండాలోకి తెచ్చాను. ఊరుకుంది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను. మళ్ళీ కూసింది. వెనక గది వైపు నడిచేకొద్దీ అంకె పెరుగుతోంది. ఆ గది తలుపు మూసి ఉంది, కింది సందులో గోనెసంచి దోపి ఉంది.

“లోపల ఫ్యాన్ తిరుగుతోందా అండీ?”

“అది తిరిగితే కాయెట్టా మాగుద్దండీ? ఆవిరంతా లాగేయదూ? ఆపేసి, దానికీ కిటికీకీ టేపు వేయించింది అమ్మ.”

“అమ్మగారేరి?”

“లోపలే. కాయల దగ్గర పడుకుంది. తలనొప్పన్నదని నేనే లేపలా.”

నా నోట్లో పండు తీపి ఇంకా ఉంది. తలుపు మీద చెయ్యి వేసి గట్టిగా తోశాను.

గది నిండా వరిగడ్డి, గడ్డి మధ్య కాయలు, గోడవారగా క్రేట్లు. మధ్యలో మిగిలిన సందులో నవారు మంచం మీద వెంకాయమ్మ గారు పడుకుని ఉంది. లోపలి గాలి వెచ్చగా, తడిగా, తియ్యగా ఉంది. ఒక్కసారి పీల్చానో లేదో, సోడా తాగి తేన్చినట్టు ముక్కులో చురుక్కుమంది. మీటర్ అంకె చూపించడం మానేసింది. దాని స్కేలు దాటిపోయింది.

“అమ్మా!” అని సత్యనారాయణ గారు పిలిచారు. ఆవిడ కదల్లేదు. ముఖం ఎర్రగా కందింది, రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

ఇద్దరం మంచంతో సహా బయటికి లాగబోయాం. మంచం కోడు క్రేట్లకు తగులుకుని ద్వారానికి అడ్డం పడింది. సత్యనారాయణ గారు గోడ పట్టుకుని, “కళ్ళు తిరుగుతున్నాయండీ” అన్నారు. ఆయన్ని బయటికి నెట్టాను. నేనూ బయటికి వచ్చి ఒకసారి గాలి పీల్చుకుని, మళ్ళీ లోపలికెళ్ళి, దుప్పటితో పాటు ఆవిడ భుజాలు పట్టి ఎత్తాను. మా కేకలు విని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన రమాదేవి గారు గుమ్మం బయటి నుంచి కాళ్ళు అందుకున్నారు. పెద్దావిడను వరండాలో పడుకోబెట్టాక కోడలు “అత్తయ్యా, అత్తయ్యా” అంటూ ముఖం మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నారు. చుట్టూ సర్దిపెట్టిన పండ్ల పెట్టెలు. నేను అమ్మిన ఇంటి వరండా. ఆ ఊపిరి ఆగిపోతుందేమోనని చూస్తూ నిలబడ్డ ఆ కాసేపూ నేను చదివినదేదీ నాకు గుర్తుకు రాలేదు.

నూజివీడు ఆసుపత్రికి కార్లో తీసుకెళ్తూ అడిగాను, “కాయ త్వరగా పండడానికి కార్బైడ్ ఏమైనా పెట్టారా? దాచకుండా చెప్పండి. డాక్టరుకు చెప్పాలి.”

ఆయనకు కోపం వచ్చింది. “మా అమ్మ బతికుండగా ఆ రాయి మా గడప తొక్కుతుందాండీ? గడ్డి, కాయ, అంతే. ఇంకేమన్నా దొరికితే నన్ను చెప్పుతో కొట్టండి.”

డాక్టరు గారూ ఆ ప్రశ్నే వేశారు, ఆ జవాబే విన్నారు. ఆక్సిజన్ పెట్టారు. ఎండెక్కాక వెంకాయమ్మ గారు కళ్ళు తెరిచి, కోడల్ని గుర్తుపట్టి, “తల పగిలిపోతోందే రమా” అంది. రమాదేవి గారు అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చారు.

సత్యనారాయణ గారు నన్ను వసారాలోకి లాక్కెళ్ళారు. “విషం పెట్టలేదు, పొయ్యి పెట్టలేదు. మా అమ్మ కాపురానికొచ్చిన కాణ్ణించీ ఎండాకాలమంతా కాయల పక్కనే పడుకుంటుంది. తెల్లారగట్ల వాసన పట్టి, ఏది పండిందో చూసి ఏరాలి కదా. ఏనాడూ ఏమీ కాలా. మీ ఇంట్లోనే ఎందుకైందో చెప్పండి. మాకు ఇల్లమ్మారా, మూతేసిన డబ్బా అమ్మారా?”

“కాయలు కూడా ఊపిరి తీసుకుంటాయండీ” అన్నాను.

“ఈ టైములో ఎగతాళా?”

ఎగతాళి కాదు. చెట్టు నుంచి కోసినా కాయ బతికే ఉంటుంది. మనలాగే ఆక్సిజన్ తీసుకుని, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పండేటప్పుడు ఇంకా జోరుగా వదులుతుంది. పాతింట్లో పెంకుల సందుల్లోంచి ఆ గాలి ఎప్పటికప్పుడు బయటికి పోయేది. ఎవరూ దాన్ని గమనించాల్సిన అవసరమే రాలేదు. ఇక్కడ సందులన్నీ మూసింది నేను. మిగిలిన ఒక్కదాన్నీ మూసింది వాళ్ళు.

ఆయన నమ్మలేదు. సాయంత్రం పెద్దావిడ కోలుకుని లేచి కూర్చున్నాక ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాను. మూతున్న ప్లాస్టిక్ బకెట్‌లో పండుతున్న కాయలు వేసి, వాటి మీద మీటర్ పెట్టి మూత బిగించాను. పల్చటి మూత లోంచి అంకె కనబడుతోంది. మేం చూస్తుండగానే అది కదిలింది. పెరిగింది. ఇంకా పెరిగింది. మీటర్ కూయడం మొదలుపెట్టింది. ఆయన బకెట్ ముందు గొంతుక్కూర్చుని, లోపల ఎవరో ఉన్నట్టు మూతకేసి చూస్తూ ఉండిపోయారు.

“ఇన్ని కాయలకే ఇంతా?”

“ఇన్నింటికే.”

“మరి ఆ గదిలో...” అని ఆగిపోయారు. తర్వాత లేచి, గది కిటికీకి వేసిన టేపు గోళ్ళతో పీకడం మొదలుపెట్టారు. కత్తెర తెస్తానన్నా వినలేదు. నేను పైకెక్కి ఫ్యాన్ మీద టేపు తీశాను.

వెంకాయమ్మ గారికి మాత్రం బకెట్ చూపించాల్సిన అవసరం రాలేదు. ఇంటికొచ్చాక కొడుకు చెప్పిందంతా విని, “ఇన్నేళ్ళు వాటిని నేను మాగేశా, ఈ ఏడు అవి నన్ను మాగేశాయి” అంది. రమాదేవి గారు, “నవ్వకండత్తయ్యా, మాకు ఇంకా ఒణుకు తగ్గలేదు” అని కసురుకున్నారు. నాకూ తగ్గలేదు. ఆ ఏడు ఎవరు పండు చేతికిచ్చినా ముక్కులో సోడా చురుకే తగిలేది.

ఇల్లు సరిగ్గా పనిచేసింది. నన్ను కుదిపేసింది అదే. గోడ బీటవారలేదు, పైపు పగల్లేదు, రబ్బరు పట్టీ జారలేదు. నేను మాట ఇచ్చినట్టే ఆ ఇల్లు లోపలిదాన్ని లోపలే పట్టి ఉంచింది. కరెంటు ఆదా చేసే ఇల్లు కట్టేవాడు లోపల ఎవరుంటారని అడిగితే చాలదు, లోపల ఏవేవి ఊపిరి తీసుకుంటాయని అడగాలి. అది ఊళ్ళు మారేకొద్దీ మారుతుంది. నా ఊహా కుటుంబం ఏ నగరంలోనో కాపురముంటుంది. మామిడి దిగే ఊళ్ళో ఇల్లు కొనే కుటుంబానికి ఎండాకాలం టన్నున్నర బరువున్న చుట్టం వస్తుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు మా ప్లాన్లలో ప్రతి ఇంటికీ కాయల గది విడిగా ఉంటుంది. ఇంటికి ఆనుకునే ఉంటుంది కానీ ఇంట్లోంచి దానికి దారి ఉండదు, తలుపు పెరటివైపుకే. పైనా కిందా మూయడానికి వీల్లేని జాలీలు, అంటే చిల్లుల ఇటుకలు పెడుతున్నాం. పండ్లు మునుపటంత సమంగా పండవు. అది కొనేవాళ్ళకు ముందే చెబుతున్నాను.

మొదటి కాయల గదిని సత్యనారాయణ గారి పెరట్లోనే కట్టాం. పూర్తయ్యాక వెంకాయమ్మ గారు కర్ర పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసింది. ఒక పక్క గోడ నుంచి రెండో గోడ దాకా కర్రతో కొలిచింది.

“ఇందులో మంచం పట్టదేంటయ్యా?”

“పట్టకూడదనే కట్టానండి.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తడుముకుంటూ గది చుట్టూ తిరిగి, బయటి గాలి ధారాళంగా ఆడే వెనక వరండా వైపు వచ్చింది. అక్కడ మంచం పడే చోట, పడుకున్న మనిషి ముఖం ఎత్తుకు ఆవిడ కోసమే ఒక జాలీ పెట్టాను. అప్పటికే లోపల కాయ వేశారు. ఆవిడ వంగి, జాలీకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది.

“ఎల్లుండికి ఏరొచ్చురా సత్యం” అంది. “నా మంచం ఇటు వెయ్యండి.”