వదిన బొటనవ్రేలు

మా వదిన జ్ఞప్తికి వచ్చినప్పుడల్లా నాకు మొదట కనబడేది ఆమె బొటనవ్రేలు. మాట్లాడుతున్నంతసేపూ అది తక్కిన వ్రేళ్ళ కొసలను ఒక్కొక్కటిగా తాకుతూ ఉండేది. స్పర్శ మిగిలి ఉన్నదా అని ఆమె చేసుకునే పరీక్ష అది. పలాసలో ఏళ్ళ తరబడి జీడిపిక్కలు ఒలిచిన ఆ చేతులు కారణం తెలియకుండానే మొద్దుబారాయి. నడకలో అడుగు కూడా తూలసాగింది.

మూత్రపిండాల జబ్బుకు పేరుపడిన మా ఉద్దానంలో ఏ వ్యాధికైనా ముందు మూత్రపిండాలనే పరీక్షిస్తారు. "కిడ్నీలు బాగున్నాయమ్మా" అని పంపివేసినవారే గాని, తిమ్మిరి సంగతి తేల్చినవారు లేరు. చివరకు టెక్కలిలో ఒక వైద్యురాలు, గోధుమ పడక నరాలు దెబ్బతింటున్నాయేమో, కొంతకాలం మాని చూడమన్నది.

వదిన రాత్రిపూట చపాతీలు మానివేసింది. మూడు నెలలు నిష్ఠగా గడిపినా గుణం కనబడలేదు.

"గోధుమ కాదు మరిదీ, ఇంకేటో ఉంది" అని ఒక ఉదయం విసుక్కున్నది. అప్పుడు గాని ఆమె ముందున్న ఉప్మా పళ్ళెం నా కంటబడలేదు.

"వదినా, రోజూ ఇదేనా?"

"సపాతీ మానేత్తే మరేటి తినమంతావు? బొంబాయి రవ్వే గదా!"

"ఆ రవ్వ కూడా గోధుమదే."

ఆమె చేతిలోని ముద్దను పళ్ళెంలో వదిలివేసింది.

"తెల్లగుంటే బియ్యపుదనుకున్నాను. మూడు నెల్లూ నా ఎదురుగానే కూకున్నావు. పద్యాలైతే అడక్కుండానే సెప్తావు, ఈ ఒక్క ముక్కా సెప్పలేకపోయావా?"

నేను తల వంచుకున్నాను. గోధుమే దోషియో కాదో ఇద్దరికీ తెలియలేదు. ఆమె పళ్ళేన్ని నా వైపు నెట్టి, బొటనవ్రేలితో వ్రేళ్ళ కొసలను చూపుడువ్రేలి నుండి మళ్ళీ తాకి చూసుకోసాగింది.