అడ్డకోత మాస్టారి వేలికట్టు

కనబడిన ప్రతి మొక్కనూ అడ్డంగా కోసి లోపల ఏముందో చూడకపోతే మా వృక్షశాస్త్రం మాస్టారికి అన్నం సహించేది కాదు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు కాగితంలో చుట్టిన బ్లేడు ఉండేది. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఆయనకు ఒకటి ఉండే ఉంటుంది గానీ, కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ ఆయన అడ్డకోత మాస్టారే.

లోకానికి ఆయన్ని చూస్తే నవ్వొచ్చేది. నాకు మాత్రం భయమేసేది. కాలేజీలో తప్పించుకుని ఇంటికొస్తే ఇక్కడా ఆయనే. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీద పొద్దున్నే ముందు కళ్ళద్దాలు, తర్వాత మీసం, ఆ తర్వాత బ్లేడు ఉదయించేవి.

“ఏమ్మా, ఆ గులాబీ కొమ్మ ఒక్కటి ఇస్తావా?”

“మొన్ననే పెట్టాను మాస్టారూ, ఇంకా వేళ్ళు కూడా పట్టలేదు,” అనేది మా అమ్మ కుండీకి అడ్డం నిలబడి.

“పట్టాయో లేదో పైకి చూస్తే ఏం తెలుస్తుంది? లోపల చూడాలి!”

ఆ మాట ఆయన ఊతపదం. చివరికి మా అమ్మ కుండీలన్నీ డాబా మీదికి ఎక్కించేసింది.

ఒకసారి కాలేజీలో లెక్కల మాస్టారి పదవీ విరమణ సభకు పూలగుత్తి తెచ్చే పని ఈయనకు అప్పగించారు. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకొకటి లేదు. గుత్తి చేతికందగానే లెక్కల మాస్టారు దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక తికమకపడ్డారు.

“పూలు బాగున్నాయి గానీ, కాడలేవీ?”

“నా దగ్గరున్నాయి సార్. అద్భుతంగా ఉన్నాయి!” అన్నారు మా మాస్టారు, సభంతా వినబడేలా.

ఇంట్లో పిన్నిగారి పాట్లు మరో రకం. ఆవిడ ఆయన భార్య. ఆవిడను పిన్నిగారని పిలిచే చనువు నాకుండేది. “కూరకు క్యారెట్లు తరిగి పెట్టమన్నాను తల్లీ. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయారు. ఇప్పటిదాకా దాన్ని దీపానికెత్తి పట్టుకుని, ‘ఇది కూర కాదే, వేరు! మధ్యలో చూడు, ఎంత ముచ్చటగా ఉందో!’ అంటున్నారు. పొయ్యిమీద మూకుడు మాడిపోయింది.”

ఇన్ని చెప్పానని ఆయన చేతకాని మనిషి అనుకునేరు. క్లాసులో కుడిచేత్తో బ్లేడు పట్టారంటే చూసి తీరాలి. కాండం మీద బ్లేడు అలా జారేది, నీళ్ళ పళ్ళెంలో ఒక పొర తేలేది. ఉల్లిపొర దాని ముందు కంబళి. సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో ఊరికి ఊరే కనబడేది. నీళ్ళు మోసే గొట్టాలు ఒకవైపు, ఆహారం మోసేవి ఇంకోవైపు, మధ్యలో మెత్తటి దవ్వ.

“వేరూ కాండమూ పైకి రెండూ పుల్లలే. లోపల చూడండి! కాండంలో ఈ కట్టలన్నీ గుండ్రంగా చుట్టూ కూర్చుంటాయి, నీళ్ళు మోసేవాటిలో సన్నగొట్టాలు లోపలివైపుకు ఉంటాయి. వేరులో సన్నగొట్టాలు బయటివైపుకు తిరుగుతాయి. మనిషి అబద్ధమాడతాడు గానీ అడ్డకోత ఆడదు!”

అంతటి మొనగాడికి కుడిచేతి చూపుడువేలికి ఎప్పుడూ కట్టు ఉండేది. ఆ కట్టు మీద మేం ఎన్ని కథలు అల్లామో! పిన్నిగారు గరిటెతో కొట్టారని ఒకరు, క్యారెట్టు అనుకుని వేలే కోసి చూసుకున్నారని ఇంకొకరు. నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వుతూనే నా వేళ్ళు తడిమి చూసుకునేదాన్ని. బ్లేడు పట్టుకునే పుట్టినట్టుండే మనిషి వేలే తెగుతుంటే ఇక నా గతేం కాను?

ఎందుకంటే అంతకుముందు ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో నా చేతికింద కాండం తెగలేదు, వేలు తెగింది. రక్తం చూసి గది వదిలి పరుగెత్తాను. సున్నా వచ్చింది. ఇప్పుడు నర్సు శిక్షణలో సీటు వచ్చి కూర్చుంది. ఈ ప్రాక్టికల్ పాసైతేనే చేర్చుకుంటారు, లేకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు పోతుంది. చిన్నప్పట్నుంచీ నాకున్న కోరిక అదొక్కటే.

“బ్లేడు చూస్తే గుడ్లు తేలేసేదానివి, నువ్వు సూది పొడుస్తావుటే?” అనేది మా నాయనమ్మ.

పరీక్షలు దగ్గరపడుతుండగా ఊరి పార్కు కాపలాదారు మండిపడుతూ కాలేజీకి వచ్చాడు. చేతినిండా కోసేసిన కొమ్మల మోళ్ళు.

“చూడండి సార్! ఎవడో ప్రతి మొక్కకూ ఓ కొమ్మ కోసేస్తున్నాడు. మీ మాస్టారే అయ్యుంటాడని అందరూ అంటున్నారు.”

ప్రిన్సిపాలు ఆ మోళ్ళను అటూ ఇటూ తిప్పి చూశారు. కోతలన్నీ వంకర టింకరగా, ఎలుక కొరికినట్టున్నాయి.

“ఇవి మా మాస్టారి కోతలేమిటయ్యా! ఆయన కోస్తే అద్దంలా ఉంటుంది. పైగా ఈ వాలు చూడు. ఇదెవడో ఎడమచేతివాటం వాడి పని.”

మాస్టారు పక్కనే నిలబడి నేలచూపులు చూస్తూ, “అవును సార్, ఎవడో బొత్తిగా చేతకానివాడు,” అన్నారు. నిర్దోషిగా బయటపడ్డారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చాడు. మనిషి సన్నగా, ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. ఏటా పరీక్షకు మొక్కల్ని మా మాస్టారే ఎంచేవారు. ఈయన ల్యాబులోకి వస్తూనే, “నేనే ఎంచుకుంటాను,” అని ఆవరణలోకి నడిచాడు. మాస్టారు వెనకాల పరుగెత్తారు. మేమంతా కిటికీకి అతుక్కుపోయాం.

“ఈ కంచె మొక్క ఇవ్వండి సార్, కర్రలా ఉంటుంది. గోడవారన ఆ పిచ్చిమొక్క మాత్రం వద్దు సార్, మరీ తేలిక. వీళ్ళకు బుద్ధి రావాలంటే గట్టిదే పడాలి!” మాస్టారి గొంతు కిటికీలోంచి స్పష్టంగా వినబడింది.

పక్కింటి మనిషి! నేను పుట్టినప్పట్నుంచీ ఎరిగిన మనిషి! నా సీటు సంగతి అమ్మ ఆయనకు ఎన్నిసార్లు చెప్పుకుందో! ఆ నిమిషంలో ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది.

నా బల్ల మీద ముక్క పెట్టారు. పక్కన బ్లేడు, నీళ్ళ పళ్ళెం, రంగు సీసా. ఆ ఎర్ర రంగు చూడగానే పోయినేడాది రక్తం గుర్తొచ్చింది. చెయ్యి గాలికి ఆకులా ఆడుతోంది. కళ్ళు మూసుకోబోయి, మూసుకుంటే వేలు పోతుందని తెరిచి, బ్లేడు ఆనించాను.

తెగింది. కర్ర మీదలా బ్లేడు జారలేదు, ముక్క నలిగి ముద్దవలేదు. ఇంకోసారి ఆనించాను. మళ్ళీ తెగింది. పళ్ళెంలో పొరలు ఒకదాని వెంట ఒకటి తేలాయి. అందులో వంకరవీ ఉన్నాయి, మందమైనవీ ఉన్నాయి. ఒకటి మాత్రం బాగా పలచగా ఉంది. దానికి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

పరీక్షాధికారి ఒక కన్ను మూసి అందులోకి చూశాడు. “వేరా, కాండమా?”

“కాం... కాండం సార్.”

“ఎలా చెప్పగలవు?”

“కట్టలు గుండ్రంగా చుట్టూ ఉన్నాయి సార్. మధ్యలో దవ్వ ఉంది. సన్నగొట్టాలు లోపలివైపుకు ఉన్నాయి. మనిషి అబద్ధమా...” అని నాలిక కరుచుకున్నాను.

ఆయన తలెత్తి నన్నోసారి చూసి, “పాసయ్యావు, వెళ్ళు,” అన్నాడు.

బయటికి వచ్చి గోడ దగ్గరికి వెళ్ళాను. మాకు పడింది ఆ పిచ్చిమొక్కే. దాని కొమ్మల మీద ఎన్నో పాత మోళ్ళు ఉన్నాయి, అన్నీ ఎలుక కొరికినట్టే. నాకేదో అనుమానం తగిలింది గానీ పూర్తిగా అందలేదు.

సాయంత్రం మా అమ్మ డాబా మీది గులాబీల్ని తనే కోసి, గుత్తి కట్టి, మాస్టారికిమ్మని పంపింది. వెళ్ళేసరికి ఆయన పెరటి మెట్ల మీద ఉన్నారు. నాలిక బయటపెట్టి, చంటిపిల్లాడు బలపం పట్టినట్టు ఎడమచేత్తో బ్లేడు పట్టి, ఏదో కాడ కోస్తున్నారు. చూస్తుండగానే బ్లేడు జారి కుడిచేతి చూపుడువేలు తెగింది.

“అయ్యో మాస్టారూ!”

“ఏటేటా ఇదే గోల తల్లీ!” అంటూ పిన్నిగారు గుడ్డ పట్టుకొచ్చారు. “కుడిచేత్తో కొయ్యమంటే వినరు. నువ్వైనా చెప్పు.”

“కుడిచేత్తో కోస్తే నాకన్నీ మెత్తగానే ఉంటాయే! నాకు తెగితే ఏం లాభం? భయపడే పిల్లల చేతికి తెగాలి. నా ఎడమచేతికి ఏమీ చేతకాదు. అందుకే దానికి తెగినదే పరీక్షకు పెడతాను. రేపు రెండో బ్యాచి ఉందిగా!”

“మరి ఇవాళ గట్టిది ఇమ్మన్నారేం? నా పైప్రాణాలు పైనే పోయాయి!”

మాస్టారు మీసాల్లో నవ్వారు. “పొద్దున ఆయన్ని కాఫీ తాగుతారా అంటే టీ అన్నాడు. ఫ్యాను వెయ్యమంటారా అంటే కిటికీ తియ్యమన్నాడు. పైకి చూస్తే ఏం తెలుస్తుందమ్మాయ్? లోపల చూశాను. ఏది వద్దంటే అది కావాలనే రకం.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిన్నిగారి చేతిలోంచి గుడ్డ తీసుకుని ఆయన వేలికి నేనే కట్టు కట్టాను. మధ్యలో ఆయన నా వేళ్ళవంకే చూస్తూ, “రక్తం చూస్తున్నావు, చెయ్యి వణకడం లేదే!” అన్నారు. అప్పుడు గానీ ఆ సంగతి నేను గమనించలేదు.

గులాబీల గుత్తి ఆయన ఒళ్ళో పెట్టాను. ఒక్క క్షణం వాసన చూశారు. మరుక్షణం చెయ్యి బ్లేడు మీదికి వెళ్ళింది.

“కనీసం వీటినైనా కుడిచేత్తో కొయ్యండి మాస్టారూ!”

“కుదరదమ్మాయ్. వచ్చే ఏడాది పిల్లలున్నారు,” అని ఆయన బ్లేడును ఎడమచేతిలోకి మార్చుకున్నారు.